శునక రాజభక్తి పరీక్ష

జంతువులకు కూడా మనుషుల హోదా తెలుసునన్న మహత్తర సత్యాన్ని శాస్త్రోక్తంగా రుజువు చేసిన కీర్తి, 1926 వేసవిలో మా నర్సీపట్నానికే దక్కింది! రుజువు చేసినవాణ్ణి నేనే. పేరు సోమసుందరం, మద్రాసులో జంతుశాస్త్రం చదువుతున్నాను. ఏదైనా జంతువు నడవడి పరిశీలించి, నిజమేనని ఊరిపెద్ద సంతకంతో పట్టుకురమ్మన్నారు కాలేజీలో.

మా ఊరిపెద్ద ప్లీడరు యాజులుగారు. ఆయనకు రావుసాహెబు బిరుదంటే ప్రాణం.

"కుక్కలు కూడా సర్కారువారికి అణిగి ఉంటాయని తేల్చవోయ్! వచ్చే నెల పెద్ద ఆఫీసరుగారు వస్తున్నారు. నా బిరుదు ఆయన చేతిలో ఉంది" అన్నారు.

రొట్టెలమ్మే లోవలక్ష్మి గుమ్మంలో కూర్చుని ఆవిడ నల్లకుక్కను గమనించాను. కోటు తొడిగిన సర్కారు ఉద్యోగులు ఇరవైమంది అటుగా నడిచారు, పదహారుమంది మీద మొరిగింది. నెత్తిన తుండుగుడ్డ వేసుకున్న మామూలు జనం ఇరవైమందిలో అయిదుగురి మీదే మొరిగింది.

"కోటోళ్లొస్తే రొట్టెలు ఊరకనే ఒట్టుకుపోతారు బాబూ. దానికి తెలీదేటి?" అంది లోవలక్ష్మి.

కై-స్క్వేర్ అనే లెక్కల పరీక్ష పెట్టాను. ఇంత తేడా కాకతాళీయంగా రావడం వెయ్యింట ఒక్కసారి కూడా జరగదని తేలింది. యాజులుగారి మొహం వాడిపోయింది.

"పరీక్ష మార్చు!"

"ఎంతసేపు మొరిగిందో సగటులు పోల్చే పరీక్ష ఒకటుందండీ."

అదీ పెట్టాను. కోటువాళ్లను చూసి ఎక్కువసేపు కూడా మొరిగింది!

"ఇంకోటి లేదుటోయ్?"

"పరీక్షలు చాలా ఉన్నాయండీ. కుక్కే ఒకటి."

ఆయన కళ్లు మూసుకుని ఆలోచించి, ఒక్కసారి లేచి నిలబడ్డారు.

"ఏటోయ్ నీ చదువు! అది మొరగడమని నీకెవడు చెప్పాడు? నమస్కారం! చేతులు లేవు కనక నోటితో పెడుతోంది. ఆ మొదటి పరీక్షే ఉంచు, దివ్యంగా ఉంది!"

నాకు సంతకం కావాలి. 'మొరిగినవి' కొట్టేసి 'నమస్కరించినవి' అని రాశాను. సిగ్గేసింది గాని, దస్తూరీ మాత్రం గుండ్రంగా వచ్చింది. యాజులుగారు సంతకం పెట్టి, ఒక నకలు ఆఫీసరుగారికి ముందే పోస్టులో పంపారు.

ఆఫీసరుగారు వచ్చిన రోజున స్వాగతసభ లోవలక్ష్మి గుమ్మం ఎదుటే, పందిట్లో. నాలుగు గంటలైనా ఎండ మాడ్చేస్తోంది. జట్కా దిగిన ఆఫీసరుగారు కోటు విప్పి చేతిమీద వేసుకుని, నెత్తిన తడి తుండుగుడ్డ కప్పుకున్నారు! నమస్కారం అందుకోవడానికి నేరుగా కుక్క ముందు నిలబడ్డారు.

కుక్క ఆయన్ను చూసి, ఆవులించి, పడుకుంది.

"ఏమండీ యాజులుగారూ! మీ లెక్క ప్రకారం నాకు హోదా లేనట్టేనా?"

"ఒక్కసారి పెట్టవే తల్లీ!" అని యాజులుగారు కుక్కను బతిమాలారు. అది తోకైనా కదపలేదు. బిరుదు చేజారిపోతోంది. ఆయన కోటు గుండీలు సర్దుకుని, చేతులు జోడించి, ఆఫీసరుగారి ముందు నడుం వంచారు.

"భౌ!" అన్నారు.

లోవలక్ష్మి మెల్లిగా నా పక్కకు వచ్చింది.

"బాబూ, పిలీడరుగోరిది ఎందులో రాత్తారు? మొరిగినారనా, దండం ఎట్టినారనా?"