ముప్పై ఒకటో నిబంధన

సినిమా అవకాశాలు చూపించే వెబ్‌సైట్లను సంపూర్ణ భద్రతతో వాడిన వ్యక్తి ఈ దేశంలో ఇంతవరకు ఒక్కరే ఉన్నారనీ, ఆ ఒక్కరూ ఉదయగిరి బస్టాండు వెనక వీధిలో, ఒక కిరాణా కొట్టు పైఅంతస్తులో కాపురం ఉంటున్నారనీ వినయంగా మనవి చేసుకుంటున్నాను. (వీధి పేరు చెప్పను. అది మూడో నిబంధనకు విరుద్ధం. నిజానికి బస్టాండు సంగతి కూడా చెప్పి ఉండకూడదు.)

నాకు నలభై నాలుగేళ్లు. ఆత్మకూరులో డిగ్రీ చదివే రోజుల్లో కాలేజీ వార్షికోత్సవం నాటకంలో తల్లి వేషం వేశాను. అప్పుడు నా వయసు పంతొమ్మిది. జుట్టుకు పౌడరు రాసుకుని, కొడుకును ఇంట్లోంచి వెళ్లగొట్టే ఘట్టం ఆడుతుంటే ముందు వరుసలో ప్రిన్సిపాల్ గారు కళ్లు తుడుచుకున్నారు. (కంట్లో నలక పడిందని తర్వాత ఎవరో అన్నారు. నేను విచారించలేదు.) ఇప్పుడు తెల్లజుట్టు సొంతంగానే వచ్చింది. వేషమే రాలేదు. కూతురు అశ్విత నెల్లూరులో హాస్టల్‌కు పోయాక మధ్యాహ్నాలు ఖాళీ అయ్యాయి. అలాంటి ఒక మధ్యాహ్నం ‘ముఖారవిందం’ అనే సైటు తెరిచాను.

దరఖాస్తులో నలభై రెండు గడులు. గుర్రపుస్వారీ వచ్చా, కత్తి తిప్పడం వచ్చా, ఈత వచ్చా అని అడిగి, మూడింటికీ రాదన్నాక, పోనీ ఏడవడం వచ్చా అన్నారు. అందులో మూడు రకాలు: సహజంగా, గ్లిజరిన్‌తో, దర్శకుడు కసిరాక. ఉల్లిపాయలతో అన్నది లేనందువల్ల సహజంగా అని పెట్టాను. నటనానుభవం దగ్గర, పెళ్లయిన నాటి నుంచి లెక్కేసి, ఇరవై రెండేళ్లు అని రాశాను. బంధువులు చెప్పాపెట్టకుండా సరిగ్గా భోజనాల వేళకు దిగినప్పుడు నా ముఖంలో పలికే సంతోషాన్ని ఇంతవరకు ఎవరూ శంకించలేదు.

సైటు అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, నటీనటుల భద్రతకు పద్నాలుగు సూచనలున్నాయి. వాటిని చివరిదాకా చదివిన సభ్యురాలిని నేనొక్కదాన్నే అని నా నమ్మకం. ఎందుకంటే పదకొండు తర్వాత పదమూడు వచ్చింది. ఈ సంగతి వాళ్లకు రాశాను. వాళ్లు కృతజ్ఞతలు చెప్పి, పదమూడును పన్నెండు చేసి, పద్నాలుగును అలాగే ఉంచారు.

సూచనలు మంచివే. అవకాశం ఇస్తామంటూ డబ్బడిగితే ఇవ్వవద్దు. ఓటీపీ చెప్పవద్దు. ఇంటి చిరునామా పెట్టవద్దు. హోటల్ గదికి రమ్మంటే పోవద్దు, ఎక్కడికీ ఒంటరిగా పోవద్దు. తొమ్మిదోది: గుర్తింపు కార్డు లేకుండా దారిలో ఆపి ‘వేషం ఇస్తాను, నెంబరు ఇవ్వండి’ అనేవారికి నెంబరు ఇవ్వవద్దు. ఏ ఒక్కదానికీ వంక పెట్టలేం. లోపమంతా వాటిని మా ఇంట్లో అమలు చేయడంలో ఉంది.

అమలుకు ఒక మండలి ఏర్పడింది. అధ్యక్షురాలు మా అత్తగారు హనుమాయమ్మ గారు. డెబ్బై నాలుగేళ్లలో ఆమెను ఎవరూ మోసం చేయలేకపోయారు, నిజాయితీపరులతో సహా. సభ్యులు మా ఆయన రాజమోహన్. అర్హత, కారుంది. కార్యదర్శిని నేను. చేతిరాత బాగుంటుందని.

మొదట ఫోటో సమస్య వచ్చింది. మిద్దె మీద తీస్తే వెనక కొండ పడుతోంది. మా ఊళ్లో ఏ మిద్దె మీద ఎటు తిరిగి నిలబడినా కొండ పడుతుంది, కొండ పడితే పైన కోట పడుతుంది, కోట పడితే ఊరు తెలిసిపోతుంది. వంటింట్లో తీస్తే గోడకు మా ఊరి పేరుమోసిన చెక్క గరిటెలు వేలాడుతున్నాయి. వాటిని చూస్తే ఊరే కాదు, ఎవరి దగ్గర కొన్నామో కూడా చెప్పేవాళ్లున్నారు. చివరికి కింద మా కొట్లో బియ్యం బస్తాల ముందు, బస్తాల మీద పేరు కనబడకుండా దుప్పటి కప్పి, తీశాం. నగలు తీసేశాను. ఆధార్ జిరాక్సు మీద పెట్టినట్టు ఫోటోకు అడ్డంగా ‘ముఖారవిందం పని నిమిత్తం మాత్రమే’ అని రాసి సంతకం పెట్టాను. ‘నిమిత్తం’ సరిగ్గా ముక్కు మీద పడింది. పేరు రజిత అని పూర్తిగా పెట్టడం మంచిది కాదని ‘ఆర్.’ అని, వయసు ముప్పై నుంచి అరవై అని, ఊరు దక్షిణ భారతదేశం అని నింపాను.

ఫోను నెంబరుగా అత్తగారిది ఇచ్చాం. ఆమెది బటన్ ఫోను. దానిలో లింకు తెరుచుకోదు, ఫోటో పోదు, డబ్బు కదలదు. అయితే నమోదుకు వచ్చిన ఓటీపీ కూడా ఆమెకే వచ్చింది. చెప్పమన్నాను. ఎవరికీ చెప్పకూడదని నువ్వే కదా చదివినావు, నీకెట్టా చెప్పేది అన్నారు. నమోదుకు నాలుగు రోజులు పట్టింది.

మా విధానం ఎంత పటిష్ఠమైనదో రెండో వారంలోనే రుజువైంది. ప్రశాంత్ అనే అతను ఫోను చేసి, నేను హీరోయిన్ తల్లిగా ఎంపికయ్యానని, ఆర్టిస్టు కార్డుకు నాలుగున్నర వేలు కట్టాలని, లింకు పంపిస్తానని చెప్పాడు.

“ఏ బస్సులో వేస్తావు నాయనా?” అన్నారు అత్తగారు. “పదిన్నర బస్సులో వెయ్యి. మావాడు పొయ్యి తీసుకుంటాడు.”

లింకు అలా రాదని అతను పది నిమిషాలు వివరించాడు. అట్లయితే నువ్వే రా, అన్నం తినేసి పోదువు, మీ నాయన ఏం చేస్తాడు అని ఈమె అడిగారు. అతను ఫోను పెట్టేశాడు. మళ్లీ చేయలేదు. అత్తగారే రెండుసార్లు చేశారు.

ఈ విజయం మా తలకెక్కింది. పద్నాలుగు సూచనలు (సైటు లెక్క ప్రకారం, నా లెక్క ప్రకారం పదమూడు) ముప్పై నిబంధనలయ్యాయి. అన్నీ మంచి కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను.

అప్పుడు వచ్చింది ఆ ప్రకటన. ఫోనుల్లో చూసే సీరియల్ ఒకటి ఆత్మకూరు చుట్టుపక్కల తీస్తున్నారు. నలభై దాటిన గృహిణి కావాలి. నెల్లూరు యాస తప్పనిసరి. మూడే మాటలు, వాటిని కూడా కిందే ఇచ్చారు: “ఏందయ్యా, ఇప్పుడా వచ్చేది? అన్నం చల్లారిపోయుండాది. కాళ్లు కడుక్కోని రా.”

నేను ఫోను కింద పెట్టి మళ్లీ తీసి చదివాను. కొట్టు తెరిచిన ప్రతి రోజూ, పెళ్లయిన నాటి నుంచీ, నేను మా ఆయనతో అంటున్న మాటలవి. ఒక్క అక్షరం తేడా లేదు. ఇంత దీర్ఘకాలం సాధన చేసిన నటి ఇంకెవరైనా ఉంటే ఆ వేషం ఆమెకే ఇవ్వమని నేనే చెబుతాను. ఆ రోజు పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. మండలిలో ఈ సంగతి ప్రస్తావించలేదు గానీ, ఆ వేషం నాకు కావాలి. అంతగా ఏదీ కోరుకుని చాలాకాలమైంది.

దరఖాస్తు చేసిన మూడో రోజు ఎంపిక విభాగం నుంచి సాయిశ్రీ అనే అమ్మాయి ఫోను చేసింది. అత్తగారు స్పీకరు పెట్టారు. ఆ పిల్ల డబ్బడగలేదు, లింకు అనలేదు. ప్రొఫైల్లో ముఖం కనిపించడం లేదు, అయినా అనుభవం ఇరవై రెండేళ్లు అని ఉంది కాబట్టి పిలుస్తున్నాం అంది. శనివారం పదకొండుకు ఆత్మకూరులో ఒక స్కూలు హాలుకు రమ్మంది. తోడుగా ఎంతమందైనా రావచ్చంది. అంతా సవ్యంగా సాగుతున్న సమయంలో ఆ పిల్ల ‘అట్నేనండి’ అంది.

“నీది చేజర్ల పక్క గదా పాపా?” అన్నారు అత్తగారు.

“అవునవ్వా. మీకెట్టా తెలిసింది?”

“మాట చెప్పదా?”

ఇంకో ఐదు నిమిషాల్లో ఆ పిల్ల నాయన పేరు, ఇంటి గుర్తు, అక్కకు చూస్తున్న సంబంధం వివరాలు బయటికొచ్చాయి. ఫోను పెట్టేశాక అత్తగారు సంతోషించలేదు. భయపడ్డారు.

“పట్నంలో ఉండే పిల్ల. ఒక్క మాట పట్టుకోని ఇంటిదాకా పొయ్యొచ్చినాను,” అన్నారు. “రేపు నీ మాట పట్టుకోని ఎవురో ఒకరు మన గడప తొక్కరా?”

ఆ విధంగా ముప్పై ఒకటో నిబంధన పుట్టింది: యాస వ్యక్తిగత సమాచారం. అపరిచితుల ఎదుట వాడరాదు.

ఆ వేషానికి కావలసిందే యాస కదా అని మీకు అనిపించవచ్చు. మండలిలో ఎవరికీ అనిపించలేదు. కార్యదర్శిగా నాకైనా అనిపించాలి. నేను ఆ సమయంలో ‘వ్యక్తిగత’లో ఒత్తులు సరిచూసుకుంటున్నాను.

శనివారం ముగ్గురం కారులో ఆత్మకూరు వెళ్లాం. టిఫిన్ క్యారియర్‌లో భోజనం పెట్టుకున్నాం. (బయటివాళ్లు ఇచ్చింది తినరాదు, ఇరవై రెండు.) మా ఆయన మమ్మల్ని స్కూలు దగ్గర దించి, తెలిసిన టోకు వ్యాపారిని పలకరించి పది నిమిషాల్లో వస్తానని వెళ్లాడు.

కెమెరా ముందు నిలబడి పేరు, వయసు, ఊరు చెప్పమన్నారు. “ఆర్. ముప్పై నుంచి అరవై లోపు. దక్షిణ భారతదేశం,” అన్నాను. కెమెరా వెనకున్న మనిషి తల పైకెత్తి చూశాడు. తర్వాత మూడు మాటలూ చెప్పమన్నారు.

“ఏమండీ, ఇప్పుడా రావడం? అన్నం చల్లారిపోయింది. కాళ్లు కడుక్కుని రండి,” అన్నాను. ఎక్కడా తడబడలేదు.

సాయిశ్రీ దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అంది: “ఇంట్లో ఎట్టా అంటారో అట్నే అనండక్కా.”

కిటికీ అవతల అత్తగారు తల అడ్డంగా ఊపుతున్నారు.

“ఇంట్లో మాట్లాడేది ఇంటి విషయం కదమ్మా,” అన్నాను.

రెండోసారి ఇంకా స్పష్టంగా చెప్పాను. మూడోసారికి ‘చల్లారిపోయినది’ అన్నాను. ఆ అమ్మాయి కాగితం మీద ఏదో రాసుకుని, వార్తలు చదివే వేషం ఏదన్నా ఉంటే తప్పకుండా పిలుస్తానంది. మర్యాద తెలిసిన పిల్ల.

బయట మెట్ల మీద క్యారియర్ విప్పుకుని కూర్చున్నాం. పది నిమిషాల మా ఆయన రెండు గంటలకు వచ్చాడు. కారు దిగి, ఏమీ జరగనట్టు, అన్నం పెట్టమన్నాడు. నాకు కోపం ఎక్కడ పుట్టిందో తెలియదు.

“ఏందయ్యా, ఇప్పుడా వచ్చేది?” అన్నాను. “అన్నం చల్లారిపోయుండాది.” అంతలోనే జాలేసింది. ఎండలో వచ్చినాడు. “కాళ్లు కడుక్కోని రా.”

వెనక ఎవరో టీ గ్లాసు మెట్టు మీద పెట్టిన చప్పుడైంది. పొట్టి నిక్కరు, రబ్బరు చెప్పులు, వారం గడ్డం. “అమ్మా, ఇంకోసారి అనండి,” అన్నాడతను. నేను అనలేదు. అతను మెట్లు దిగి వచ్చాడు. “నా పేరు శ్రీకాంత్. డైరెక్టర్‌ని. పొద్దున్నుంచి వెతుకుతున్నది ఇదేనమ్మా. మీ నెంబరు ఇవ్వండి, వేషం మీదే.”

మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. దారి. అపరిచితుడు. వేషం మీదే. నెంబరు ఇవ్వండి. తొమ్మిదో సూచన నిక్కరు వేసుకుని మా ఎదురుగా నిలబడింది.

గుర్తింపు కార్డు ఉందా అని అడిగాను. అతను జేబులు తడుముకుని, లోపల ఉంది, ఒక్క నిమిషం, తెస్తానన్నాడు.

“తెస్తాడు తెస్తాడు,” అన్నారు అత్తగారు. “మోహనా, కారు తియ్యి.”

మా ఆయన కాళ్లు కూడా కడుక్కోకుండా కారు తీశాడు. వెనక అద్దంలో ఆ నిక్కరు మనిషి పరిగెత్తుకొస్తున్నాడు, పక్కన సాయిశ్రీ. అంత పరుగు పెడుతున్నారంటే ఉద్దేశం మంచిది కాదని అత్తగారు తేల్చారు. నిజం రాయాలంటే, అతని చేతిలో కార్డు నాకు కనిపించింది. ఎర్ర తాడుతో ఊగుతూ ఉంది. ఆపమని చెప్పడానికి ఊరు దాటేదాకా సమయం ఉంది. నేను క్యారియర్ మూత బిగిస్తూ కూర్చున్నాను. ఆ మూత బిగుసుకోవడానికి అంతసేపు ఎన్నడూ పట్టలేదు.

దారి పొడుగునా మోగిన ఫోనును అత్తగారు ఎత్తలేదు. ఇంటికొచ్చి నిబంధనల ప్రకారం సైటుకు ఫిర్యాదు రాశాను: గోధుమరంగు నిక్కరు, టీ గ్లాసు, డైరెక్టర్‌నని చెప్పుకున్నాడు. అప్రమత్తతకు ధన్యవాదాలు చెబుతూ, ఇకపై ఆ సీరియల్ వాళ్ల ఖాతా నుంచి నాకు ఎటువంటి పిలుపూ రాకుండా శాశ్వతంగా ఏర్పాటు చేశామని జవాబొచ్చింది.

ఎనిమిది నెలలకు ఆ సీరియల్ వచ్చింది. మూడో భాగంలో నా మూడు మాటలూ ఎవరో ఒకామె అంది. “అన్నం సల్లారిపోనాది,” అంది.

“మన పక్క ఎవురే ఇట్టా మాట్లాడేది?” అన్నాడు మా ఆయన.

నేను వంటింట్లోంచే సరిగ్గా ఎలా అనాలో అని వినిపించాను. మూడు మాటలూ, ఒక్కటీ పోకుండా. అత్తగారు చెవి ఇటు పెట్టి విన్నారు.

“ఆ ముక్క ఆడనే చెప్పుండొచ్చు గదా,” అన్నారు.

పోయిన వారం ముఖారవిందం నుంచి ఒక ప్రశంసాపత్రం వచ్చింది. ప్రియమైన ఆర్. గారూ, మీరు మాతో ఏడాది పూర్తి చేసుకున్నారు, ఈ ఏడాదిలో మీకు సంబంధించి మోసం గానీ, వేధింపు గానీ, మరే సంఘటన గానీ నమోదు కాలేదు, మిమ్మల్ని సంపూర్ణ సురక్షిత సభ్యురాలిగా ప్రకటిస్తున్నాం అని. జిరాక్సు షాపులో ప్రింటు తీయించి, దుర్వినియోగం కాకుండా అడ్డంగా సంతకం పెట్టి, ఫ్రిజ్ తలుపుకు ముప్పై ఒకటో నిబంధన కింద అంటించాను. అంటించే ముందు అలవాటు కొద్దీ రెండుసార్లు సరిచూశాను. అచ్చుతప్పు ఒక్కటీ లేదు. ఏడాదిగా నాకు ఏమీ జరగలేదు.