కడగని ఎరువు

ఆ ఉదయం గోపయ్య పెట్టుకున్న పని ఒక్కటే. బావమరిది ఐలేశం నందికొండ నుంచి తెచ్చిన సముద్రపు నాచును వంకాయ తోటలో చల్లి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి జొన్న గటక తాగాలి.

ఐలేశం అక్కడ డ్యాం పనిలో ఉన్నాడు. సముద్రం పక్క ఊరి మేస్త్రి ఒకడు, తమ వైపు చెట్లకు నాచు వేస్తారని, ఊరి నుంచి ఓ బస్తా తెప్పిస్తానని అతనికి చెప్పాడు. అది నమ్మి గోపయ్య ఈ ఏడు నాట్లకు ముందు బీరన్న గొర్రెల మందను చేన్లో పడుకోనివ్వలేదు. మంద పడుకున్న చేనికి ఎరువు దక్కుతుంది. చేనుగలవాడు కాపరికి బువ్వ పెట్టాలి. గోపయ్యకు ఆ బువ్వే బరువైంది.

"నీ గొర్ల పెంటికలు నాకెందుకు? నాకు సముద్రమే వస్తాంది" అని పదిమందిలో అన్నాడు.

ఎరువు లేక మొక్కలు పసుపుబారాయి. ఇప్పుడు నాచు పనిచేయకపోతే తోటతో పాటు ఆ మాటా పోతుంది.

"బావా, మూడు నీళ్లల్ల కడగమన్నడు మేస్త్రి. ఉప్పుంటదట" అన్నాడు ఐలేశం.

"ఎరువును ఎవడన్న కడుగుతడారా? పెంటకు తానం చేపిస్తవా?"

"మా తమ్ముడు చెప్పేది జర ఇనరాదూ" అంది గోపయ్య భార్య లక్ష్మీనర్సమ్మ.

"మీ తమ్ముడు రాళ్లు మోసేటోడు. ఎవుసం నాది."

కడగలేదు. చల్లి ఇంటికొచ్చాడు.

గటక గొంతు దిగకముందే బీరన్న మంద తోట పక్క బాటన పోయింది. ముందున్న పొట్టేలు ఆగి ముక్కు ఎత్తింది. గొర్రెకు ఉప్పు దొరికితే కాపరి కనిపించడు. కంచె కంప విరిగింది. గోపయ్య పరుగెత్తి వచ్చేసరికి నాచు లేదు. ఆకు లేదు. మోళ్లు ఉన్నాయి. ఉప్పు తిన్న మంద తొట్టిలో నీళ్లన్నీ తాగి, తిరిగొచ్చి మోళ్ల మధ్య పడుకుంది. కొట్టినా లేవలేదు.

"నీ మందను లేపుతవా లేదా?"

"నేను తోలలే గోపన్నా. నీ సముద్రమే పిలిచింది."

పంచాయితీకి పెద్దమనిషి బక్కయ్య వచ్చాడు. నష్టం ఇప్పించమన్నాడు గోపయ్య.

"బీరన్న తోలిండా?"

"లేదు."

"మంద పడుకున్నదా?"

"కనవడ్తలేదా? పడుకున్నది."

"అయితే బువ్వ పెట్టు."

లక్ష్మీనర్సమ్మ అప్పటికే పళ్లెం తెచ్చింది. పప్పు కూడా ఉంది. గోపయ్యకు ఉదయం మిగిలిన గటకే దక్కింది.

తర్వాత వానలు పడ్డాయి. ఉప్పు కొట్టుకుపోయింది, మోళ్లు చిగిర్చాయి. కొమ్మలు వంగేలా కాయ పట్టింది. ఊళ్ల పంటలు చూసిపోయే గ్రామసేవక్ అమరేందర్ సైకిల్ ఆపి దిగాడు.

"ఏమేసినవ్ గోపయ్యా?"

బీరన్న అక్కడే కర్రకు గడ్డం ఆనించి నిలబడి ఉన్నాడు. గోపయ్య అతని వైపు చూడలేదు.

"సముద్రపు నాచు సారూ."

"నిజమే సారూ" అన్నాడు బీరన్న. "నా గొర్ల కడుపులకెళ్లి వచ్చింది."

మందను మళ్లీ పెట్టమని బీరన్నను అడగడానికి గోపయ్యకు నోరు రాలేదు. మరుసటి ఏడు నాట్లకు ముందు ఇంకో బస్తా నాచు తెప్పించి, ఖాళీ చేన్లో చల్లాడు.

కడగలేదు.