నలభై రెండో గేటు

సోమవారం ఉదయం ఎలీషా పెట్టుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి కృష్ణలంకలో కంపెనీ వ్యాన్ ఎక్కాలి, మూడో వరసలో కిటికీ పక్క సీటు పట్టాలి, ఇబ్రహీంపట్నం వచ్చేదాకా నిద్రపోవాలి. పద్దెనిమిదేళ్ళుగా పైపుల కంపెనీ స్టోర్స్‌లో పనిచేస్తున్న అతను ఆ నలభై నిమిషాల నిద్రను కూడా ఉద్యోగంలో ఒక సదుపాయంగానే లెక్కేసుకున్నాడు.

సీటైతే దొరికింది గానీ, పక్కసీట్లో కొత్త మేనేజరు రాజ్యలక్ష్మి గారు కూర్చుని ఉన్నారు. ఆవిడ విశాఖపట్నం నుంచి బదిలీ మీద వచ్చి నెలన్నర అయింది. ఇన్నాళ్ళూ కేబిన్ అద్దంలోంచి కనిపించడమే తప్ప ఆవిడతో పని మాటలు కాక ఇంకో మాట మాట్లాడినవాళ్ళు లేరు. కారు షెడ్డుకు వెళ్ళిందట, వారం రోజులు వ్యాన్‌లోనే వస్తారట. ఆ కబురు తెలిసిన దగ్గర్నుంచి వ్యాన్‌లో అందరూ పరీక్ష హాల్లో కూర్చున్నట్టు కూర్చున్నారు.

ఆ నిశ్శబ్దం ఆవిడకే ఇబ్బందిగా తోచినట్టుంది. వెనక్కి తిరిగి, "ఏం చూశారండీ అందరూ శని ఆదివారాల్లో? టీవీలో గానీ, ఫోన్లో గానీ?" అని అడిగారు.

సేల్స్ పవన్‌కుమార్ వెంటనే అందుకున్నాడు. కంకిపాడు నుంచి బస్సులో వచ్చి బెంజి సర్కిల్లో వ్యాన్ ఎక్కే ఆ కుర్రాడికి, తను చూడనిది లోకంలో ఒకటుందంటే నిద్ర పట్టదు. ఒక కొరియా సిరీస్ గురించి ఐదు నిమిషాలు చెప్పాడు. తర్వాత అకౌంట్స్ స్టెల్లా వంటల పోటీ కార్యక్రమాన్ని ఏకిపారేసింది. "ఆ జడ్జీలకి నాలికుందో లేదో తెలీదు మేడమ్. గుత్తివంకాయకి నాలుగు మార్కులేస్తారా ఎవరన్నా?"

మేడమ్ హాయిగా నవ్వి, "మీరేం చూశారు ఎలీషా గారూ?" అన్నారు.

నిజానికి ఎలీషా ఏమీ చూడలేదు. కూతురు ఏంజెల్ ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా ఇంట్లో టీవీ పెట్టకూడదని అతని భార్య మార్త హుకుం జారీచేసి రెండు నెలలైంది. ఆ మాటే చెప్పేస్తే పోయేది. కానీ ఇన్నాళ్ళకు మేడమ్ మనిషిలా నవ్వుతున్నారు, అందరూ తనవైపే చూస్తున్నారు, ఏమీ లేదంటే ఆ నవ్వు మళ్ళీ కేబిన్‌లోకి వెళ్ళిపోతుందేమోనని అతనికి బెంగ పుట్టింది. బ్యారేజీ దగ్గర ట్రాఫిక్‌లో వ్యాన్ ఆగి ఉంది. కిటికీలోంచి గేట్ల వరస కనిపిస్తోంది.

"నలభై రెండో గేటు" అనేశాడు. ఆ నంబరే ఎందుకు తోచిందో అతనికీ తెలియదు. "అదొక సిరీసండీ."

అనగానే చెమట పట్టింది. కంపెనీలో ఎలీషా సరుకుందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు, ఎవరూ గోడౌన్‌లోకి వెళ్ళి మళ్ళీ చూసుకోరు. పైగా చర్చిలో పదిహేనేళ్ళుగా ఆదివారం బడి పంతులు. నిన్ననే పిల్లలకు అబద్ధం ఆడటం ఎంత తప్పో కథలు కట్టి చెప్పి వచ్చాడు.

"ఓ, అదా!" అన్నాడు పవన్‌కుమార్. "నేను రెండు ఎపిసోడ్లు చూశా బాబాయ్. మొదట్లో కొంచెం స్లో."

ఎలీషా నిద్ర ఎగిరిపోయింది.

"మా చెల్లి కూడా చూడమని చెప్పింది అన్నయ్యా," అంది స్టెల్లా. "గేటు కీపరు భార్యగా వేసినావిడ భలే చేసిందంట కదా?"

గేటు కీపరుకు భార్య ఉన్న సంగతి ఎలీషాకు అప్పుడే తెలిసింది. ఆ మాటకొస్తే గేటు కీపరు ఉన్న సంగతే అప్పుడు తెలిసింది. "అవునమ్మా, బాగా చేసింది," అన్నాడు మెల్లగా.

"కథేంటండీ?" మేడమ్ కుతూహలంగా అతనివైపు వంగారు.

"వరదొస్తుందండీ. గేట్లన్నీ లేపుతారు. నలభై రెండోది మాత్రం లేవదు."

"ఎందుకు లేవదు?"

ఎలీషా జవాబు వెతుక్కునేలోగా పవన్‌కుమార్ చేతులడ్డం పెట్టాడు. "చెప్పకు బాబాయ్, చెప్పకు! నేనింకా అక్కడిదాకా రాలేదు."

ఎలీషా ఆ కుర్రాణ్ణి అంత ప్రేమగా ఎప్పుడూ చూసి ఉండడు.

మధ్యాహ్నం భోజనాల వేళ, ఏమో, నిజంగానే అలాంటి సిరీస్ ఒకటి ఉందేమోనని అనుమానం వచ్చి ఫోన్లో వెతికాడు. గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులు ఐదు చూపించింది, అందులో రెండు ఇబ్రహీంపట్నంలోనే ఉన్నాయి. సిరీస్ మాత్రం లేదు.

ఇంటికెళ్ళి మార్తకు జరిగిందంతా చెప్పేశాడు. ఆమె చిక్కుళ్ళు ఒలుస్తూ విని, చేతిలో కాయ పక్కన పెట్టింది. "పిల్లలకి చెప్పొచ్చి ఇరవై నాలుగ్గంటలైనా కాకముందే అబద్ధమా? సిగ్గుగా లేదూ మీకు?"

"ఉంది మార్తా. రేపు వ్యాన్ ఎక్కగానే చెప్పేస్తా."

"చెప్పెయ్యండి." ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. "ఇంతకీ ఆ గేటు ఎందుకు లేవలేదూ?"

"నాకేం తెలుసు?"

"మోటారు గది తాళం ఆ గేటు కీపరు వాళ్ళావిడే దాచేసి ఉంటుంది. కింద లంకలో ఆవిడ సొంత చెల్లెలు ఉందేమో మరి. గేటు లేపితే లంక మునిగిపోదూ?"

ఎలీషా నోరు తెరుచుకుని పెళ్ళాం వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమెలో ఇదొకటి ఉందని అతనికి తెలియదు.

మంగళవారం వ్యాన్ ఎక్కగానే నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాడు. "మేడమ్, ఆ గేటు సంగతి..." అన్నాడో లేదో, వ్యాన్‌లో తొమ్మిది మంది ఇటు తిరిగారు. అంతమంది తన మాట కోసం చూడటం ఎలీషాకు స్టోర్స్‌లో ఎప్పుడూ అనుభవంలోకి రాని విషయం. తాళం, చెల్లెలు, లంక అన్నీ చెప్పేశాడు.

"నేను రాత్రే ఆ ఎపిసోడ్ చూశా," అన్నాడు పవన్‌కుమార్. "నాకు ఆవిడ మీద ఒళ్ళు మండింది. ఒక్క చెల్లెలి కోసం ఊరంతా మునగాలా? డ్యూటీ అంటే డ్యూటీ!"

"నీకు అక్కచెల్లెళ్ళు లేరు గాబట్టి అలా అంటున్నావు," అంది స్టెల్లా. "ఆవిడ స్టూలు మీద కూర్చుని ఏడ్చే సీనుందే, నేనైతే ఫోన్ పక్కన పడేసి ఏడ్చా."

స్టూలు సీను ఎప్పుడొచ్చిందా అని ఎలీషా ఆలోచనలో పడ్డాడు. ఆ అమ్మాయి కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. గొల్లపూడి దాటేసరికి వాళ్ళిద్దరి గొంతులూ లేచాయి. గుంటుపల్లి వచ్చేసరికి మాటలు లేవు. ఆ రోజు సేల్స్ నుంచి అకౌంట్స్‌కు వెళ్ళాల్సిన బిల్లులు ఎలీషా చేతుల మీదుగా నడిచాయి.

బుధవారానికి సంగతి ఫ్యాక్టరీలోకి పాకింది. క్యాంటీన్‌లో సగం మంది తాళం దాచినావిడ పక్షం, సగం మంది డ్యూటీ పక్షం. కేసు పెట్టాలన్నవాళ్ళున్నారు. ఆవిడకు సన్మానం చెయ్యాలన్నవాళ్ళూ ఉన్నారు. ప్లేటు పట్టుకుని ఒక్కో బల్ల దగ్గరా ఆగి వింటూ తిరిగాడు ఎలీషా. తనకు తెలియని సంగతులు రోజుకు నాలుగు బయటపడుతున్నాయి. గేటు కీపరుకు చెవుడట. పై అధికారి ఆవిడకు చిన్నప్పుడు తెలిసినవాడట. అబద్ధాన్ని మొదలుపెట్టింది తానే అయినా, తర్వాత ఏం జరిగిందో తెలుసుకోకుండా ఉండలేని స్థితికి వచ్చాడు. ఇంటికెళ్ళేసరికి మార్త గుమ్మంలో ఎదురుచూస్తోంది. "ఏమంటున్నారు? చెల్లెలు బతికే ఉందా?"

అంతకుముందే, ఆఫీసు వదిలే వేళకు, నోటీసు బోర్డు మీద కాగితం పడింది. సిబ్బంది మధ్య సఖ్యత పెంచే కార్యక్రమాలు చెయ్యాలని హెడ్డాఫీసు ఎప్పటి నుంచో అడుగుతోంది. కాబట్టి శుక్రవారం మూడింటికి మీటింగ్ హాల్లో 'నలభై రెండో గేటు' మొదటి ఎపిసోడ్ తెర మీద వేస్తారు. పవన్‌కుమార్ ఏర్పాట్లు చూస్తాడు. తర్వాత ఎలీషా గారు తమ అభిప్రాయం చెబుతారు.

గురువారం పొద్దున్నే పవన్‌కుమార్ స్టోర్స్‌లోకి వచ్చి పైపుల మధ్య నిలబడ్డాడు. "బాబాయ్, నువ్వది ఏ యాప్‌లో చూశావు?"

"నువ్వు దేంట్లో చూశావురా?"

"మా ఫ్రెండ్ లాగిన్లో. వాడిప్పుడు ఫోన్ ఎత్తట్లేదు. నువ్వో?"

"మా ఇంట్లో టీవీ పెట్టట్లేదు గదా ఇప్పుడు," అన్నాడు ఎలీషా. సోమవారం నుంచీ ఆఫీసులో ఆ సిరీస్ విషయంలో అతని నోట వచ్చిన మొదటి నిజం అది. ఇద్దరూ కాసేపు మోచేతిలా వంగిన పైపు ముక్కల పెట్టె వైపు చూశారు. ఆ కుర్రాడు ఏదో అనబోయి, మింగేసి వెళ్ళిపోయాడు.

ఇక లాభం లేదనుకుని ఎలీషా మేడమ్ కేబిన్ తలుపు తట్టాడు. లోపలికి వెళ్ళి చేతులు కట్టుకుని, "మేడమ్, ఆ సిరీస్ గురించి ఒక మాట..." అన్నాడు.

"రండి రండి, నేనే పిలుద్దామనుకుంటున్నా," అన్నారావిడ. "నిన్న కూర్చుని మొత్తం చూసేశానండీ. ఆరు ఎపిసోడ్లూ."

ఎలీషా కుర్చీ పట్టుకున్నాడు.

"అన్నీ బాగున్నాయి గానీ, ముగింపే నాకంత నచ్చలేదు."

ఇక్కడ నిజం చెప్పాల్సిన మనిషి నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఎలా ముగిసిందండీ?"

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఆ చెల్లెలే తెల్లారగట్ల పడవేసుకుని వస్తుంది. లంకలో మనుషులందర్నీ, గొడ్లతో సహా, అప్పటికే గట్టుకి చేర్చేసి ఉంటుంది. గేటు ఎందుకు లేపలేదే అక్కా, నీకోసమే భయపడి చచ్చాం అంటుంది. ఈవిడ కొంగు ముడి విప్పి తాళం తీసి ఇస్తుంది. ఎవరూ ఏమీ అనరు. అంతే."

ఎలీషాకు ఒళ్ళు జలదరించింది. థాంక్సండీ అని మాత్రం అని బయటికొచ్చి, ఆ ముగింపును మార్తకు అప్పటికప్పుడే ఫోన్లో చెప్పాడు.  అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

శుక్రవారం మీటింగ్ హాలు నిండిపోయింది. అందరూ చూసేశారు గనక మళ్ళీ తెర మీద వెయ్యడం దేనికి, చర్చ పెట్టుకుందాం అని మేడమ్ ప్రకటించగానే పవన్‌కుమార్ గట్టిగా ఊపిరి వదిలాడు. గంటసేపు ఒక్కొక్కరూ లేచి మాట్లాడారు. కెమెరా పనితనం బాగుందన్నారు. పాటలు అనవసరమన్నారు. ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు వరద నీళ్ళ రంగు సహజంగా లేదన్నాడు. చివరికి స్టెల్లా లేచి, "ఆ ముగింపు చూశాక పవన్ చెప్పిందాంట్లోనూ కొంత న్యాయం ఉందనిపించిందండీ," అంది. పవన్‌కుమార్ సిగ్గుపడుతూ, అక్క బాధ తనకూ అర్థమైందన్నాడు. చప్పట్లు మోగాయి.

ఎలీషా వంతు వచ్చింది. లేచి నిలబడి, ముందు వరసలో కూర్చున్న ముఖాలన్నీ చూశాడు. ఆదివారం బడిలో తన ఎదురుగా కూర్చునే పిల్లలు గుర్తొచ్చారు.

"అందరూ నన్ను క్షమించాలి," అన్నాడు. "నేను ఈ సిరీస్ చూడలేదు. అసలు అలాంటి సిరీసే లేదు. సోమవారం నాడు వ్యాన్‌లో నోటికొచ్చింది చెప్పాను. అంతా నా అబద్ధం."

ఎలీషా తల దించుకున్నాడు.

"చూడకపోతే చూడలేదని చెప్పొచ్చుగా బాబాయ్," పవన్‌కుమార్ జాలిగా అన్నాడు. "అసలు లేనే లేదంటావేంటి?"

"పాపం, ఇంట్లో టీవీ పెట్టట్లేదంట," స్టెల్లా పక్కావిడకు చెప్పింది. "అయినా వారం నుంచీ చూసినట్టు మాట్లాడారు చూడండి! అన్నయ్య ఇలాంటివారని అనుకోలేదు."

"మేమింతమందిమి చూశాం గదండీ," అన్నాడు షిఫ్టు సూపర్‌వైజరు నొచ్చుకుంటూ.

ఎలీషా ఆశగా మేడమ్ వైపు చూశాడు. ఆవిడ ముందున్న కాగితాలను సర్ది, చివర్లు సమంగా వచ్చాయో లేదో చూసుకుని, మళ్ళీ సర్దారు. "ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. ఎలీషా గారిని మనం అభినందించాలి," అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

జనం వెళ్ళిపోయాక వరండాలో ఆవిడే అతని పక్కకు వచ్చి నడిచారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు బాగా తగ్గించారు.

"ఎలీషా గారూ, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పాలి. ఆ చెల్లెలు పడవలో రావడం... బాగుందా?"

"చాలా బాగుందండీ," అన్నాడు ఎలీషా. "మా ఆవిడ ఏడ్చింది."

రాజ్యలక్ష్మి గారి ముఖం వెలిగిపోయింది. అదే సంతోషంతో కేబిన్‌లోకి వెళ్ళి హెడ్డాఫీసుకు రిపోర్టు తయారుచేశారు. అందులో హాజరైనవారు ముప్పై ఒక్కరని, సిరీస్ చూసినవారు ముప్పై మందని రాసి ఉంది.