మురుగు గ్యాసు కనెక్షన్

"నేటి నుంచి ఈ ఊళ్ళో మురుగు అనే మాట ఎవరూ అనకూడదు. ద్రవ సంపద అనాలి!" అని మంత్రిగారు ప్రకటించారు.

ఇంత గొప్ప మాట అంతకుముందు ఏ మంత్రీ అనలేదు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని అన్నారు కాబట్టి కొందరికి సరిగా వినపడలేదు. వినపడిన వాళ్ళు చప్పట్లు కొట్టారు. వినపడని వాళ్ళు ఇంకా గట్టిగా కొట్టారు.

ఈ శంకుస్థాపన సభ జరిగింది ఊరి చివర మురుగుశుద్ధి ప్లాంటులో. చిన్న ప్లాంటు. రెండు తొట్లు, ఒక పంపు, ఒక రేకుల గది, ఒక ఆపరేటరు. తొట్టి అడుగున పేరుకున్న మడ్డిని ఎండబెట్టి, ఎవరైనా అడిగితే ఎరువుకిచ్చి, అడక్కపోతే గోడ పక్కన పోసి, ఆపరేటరు ఇన్నాళ్ళూ గుట్టుగా బతికాడు. ఆ మడ్డిని మూతపెట్టి పులియబెడితే గ్యాసు పుడుతుందని, దాంతో పొయ్యిలూ దీపాలూ వెలుగుతాయని మంత్రిగారు విదేశంలో చూసొచ్చారు. ఆయన చూసింది మహానగరం ప్లాంటు. ఇది మూడు వీధుల ప్లాంటు. అయినా మడ్డి పులిసే గుమ్మటం మాత్రం అక్కడి సైజులోనే కట్టించారు. మనమేం తక్కువ తిన్నామా అని.

కట్టాక చూస్తే, మూడు వీధుల మడ్డికి గుమ్మటం అడుగు కూడా తడవలేదు.

ప్లాంటు చూసే ఇంజనీరుగారు చేతులు ముడుచుకు కూర్చునే మనిషి కాదు. "ప్రజల భాగస్వామ్యం ఆశించిన స్థాయిలో లేదు" అని రిపోర్టు పంపారు. మర్నాటి నుంచి మైకు ఆటో తిరిగింది. "పౌరులారా! మీ ద్రవ సంపద మీ ఊరికే చెందాలి. పక్క ఊరు వెళ్ళినప్పుడు తొందరపడకండి. ఇంటికొచ్చేదాకా ఓపిక పట్టండి!"

జనానికి ఊరంటే అభిమానం. ఓపిక పట్టారు.

అయినా గ్యాసు రాలేదు. మడ్డిని పులియబెట్టే పురుగులకి వెచ్చదనం కావాలట. హీటరు పెట్టారు. అది లాగే కరెంటుకి మూడు వీధుల్లోనూ దీపాలు ఆర్పాల్సొచ్చింది. దీపాలు వెలిగించే పథకం కాబట్టి ఎవరూ నోరు మెదపలేదు.

ప్రారంభోత్సవం రోజు పొద్దున్నే ఇంజనీరుగారు గ్యాసు మీటరుని వేలితో కొట్టి చూశారు.

"ఏమయ్యా, ముల్లు కదలదేం?"

"దాని కడుపులో ఏమన్నా ఉంటే కదా సార్."

"ఇంకాసేపట్లో మంత్రిగారు ఈ పొయ్యి వెలిగించి టీ కాస్తారు. మంట రాకపోతే నాకు ట్రాన్స్‌ఫరు. నేను పోయేముందు నిన్ను పంపించేసి పోతాను. మీ ఇంట్లో సిలిండరుందా?"

"నిన్ననే వచ్చింది సార్. కానీ మా ఆవిడ..."

"నిండుదా! బంగారంలాంటి మాట చెప్పావయ్యా!"

ఆపరేటరుది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా చేతులు కట్టుకుని నిలబడితే ఇంకో ఏడాది పొడిగించేవారు. ఈ ఏడాది ఇంకా పొడిగించలేదు. అతను ప్లాంటు గోడ వెనకున్న తన ఇంటికెళ్ళి సిలిండరు భుజానికెత్తుకున్నాడు.

"ఎక్కడికది? కూర సగమే ఉడికింది!" అంది భార్య.

"ఒక్క గంటే. మంత్రిగారికి టీ."

"ఆయనకి కొంపా గోడూ లేవా?"

సిలిండరు గుమ్మటం వెనక టార్పాలిన్ పట్టా కింద నక్కింది. గొట్టం మాత్రం ముందుకొచ్చింది. మంత్రిగారు పొయ్యి మర తిప్పి అగ్గిపుల్ల గీశారు. మంట నీలంగా, నిటారుగా లేచింది. ఆయన రుమాలు తీసి వాసన చూశారు.

"చూశారా, కంపే లేదు! శుద్ధి అంటే ఇదీ!" ఆయన జనం వైపు తిరిగారు. "మన ప్రభుత్వం ఉన్నంతకాలం ఈ మంట ఆరకూడదు. ఆర్పినవాడు ప్రజాద్రోహి!"

ఇంజనీరుగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఆయనకి అర్థమయింది.

మంటకి అద్దాల పెట్టె బిగించారు. సాయంత్రానికి ఆపరేటరు భార్య కూరగిన్నె పట్టుకుని ప్లాంటుకే వచ్చేసింది.

"గంటన్నావు. ఇదేనా నీ గంట?"

"ఆర్పితే ఉద్యోగం పోతుందే."

"ఆర్పకపోతే కడుపు మాడుతుంది. జరుగు."

అద్దం తలుపు తీసి, అధికారిక మంట మీద గిన్నె పెట్టింది. సరిగ్గా అప్పుడే ఇంజనీరుగారు ఫొటోగ్రాఫరుతో వచ్చారు. ఆపరేటరు కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది ఉద్యోగం అనుకున్నాడు. ఫ్లాష్ వెలిగింది.

మర్నాడు పేపర్లో పడింది: "మురుగు గ్యాసుతో తొలి వంట. గృహిణి ముఖంలో ఆనందం." ఆవిడ ముఖంలో ఉన్నది ఆనందం కాదని ఆపరేటరుకి తెలుసు. మంత్రిగారికి తెలియదు. ఆ తల్లి ఇంటికి వెంటనే పైపు వెయ్యమని ఫోన్లో ఆదేశించారు.

వేశారు. సిలిండరు నుంచి గుమ్మటం చుట్టూ తిరిగి, గోడ దాటి, వంటింట్లోకి పైపు వచ్చింది. ఆవిడ పొయ్యి వెలిగించి మొగుడి వంక చూసింది.

"ఇది మన గ్యాసే కదయ్యా?"

"గట్టిగా అనకు. ఇప్పుడది ప్రభుత్వ గ్యాసు."

అక్కడ అద్దాల పెట్టెలో మంట, ఇక్కడ ఇంట్లో మంట. సిలిండరు ఒక్కటే. ఆపరేటరు రోజూ దాన్ని ఊపి చూసి, దిగులుతో తిండి తగ్గించాడు. మంట పొట్టిదైపోయింది. ఇంజనీరుగారూ అతనూ దాని ముందు కూర్చుని, రోగి మంచం దగ్గర బంధువుల్లా చూస్తున్నారు. అప్పుడు పక్కింటి టైలరు వచ్చాడు.

"బావగారూ, కనెక్షన్ మా చెల్లెమ్మకొక్కదానికేనా? మేం మురుగు ఇవ్వడంలేదా?"

ఇంజనీరుగారు పొట్టి మంట వైపు చూశారు. టైలరు వైపు చూశారు.

"దరఖాస్తు పెట్టుకో. ఫొటో ఒకటి, సిలిండరు ఒకటి. నిండుది తేవాలి."

"సిలిండరెందుకు సార్?"

"మురుగు గ్యాసొచ్చాక నీకు దాంతో పనేముంది?"

టైలరు ఆలోచించాడు. నిజమే, పనేముంది? దొర్లించుకుంటూ తెచ్చాడు. మర్నాడు వీధి వీధంతా దొర్లించుకుంటూ వచ్చింది. వారం తిరిగేసరికి మూడు వీధుల్లోనూ ఇంటింటికీ పైపు పడింది. పట్టా చాలక గుమ్మటం వెనక షెడ్డు వేశారు. ఆ తర్వాత నుంచి సిలిండర్ల బండివాడు ఇంటింటికీ తిరిగే శ్రమ లేకుండా మొత్తం ప్లాంటులోనే దింపిపోయేవాడు. సిలిండర్లు మార్చడానికి ఒక మనిషి ఎప్పుడూ ఉండాలి కాబట్టి ఆపరేటరుని పర్మనెంటు చేశారు. భార్య సంతోషించింది. ఎందుకో అడగలేదు.

ఇదంతా బూటకమని చట్టసభలో ప్రతిపక్షం గోల చేసింది. మంత్రిగారు లేచి, టేబులు మీద గుద్ది, "ఆ మూడు వీధులూ గాలించండి. ఏ ఒక్క ఇంట్లో సిలిండరు కనిపించినా రాజీనామా చేస్తాను!" అన్నారు.

ప్రతిపక్ష సభ్యులు వచ్చారు. ఇల్లిల్లూ గాలించారు. మంచాల కిందకి దూరి చూశారు, అటకలెక్కి చూశారు. ఒక్కటి దొరకలేదు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెలుగుతోంది.

వాళ్ళు పెద్దమనుషులు. మంత్రిగారికి బహిరంగంగా క్షమాపణ చెప్పి, తమ ఊళ్ళకి కూడా ఒక్కో గుమ్మటం ఇప్పించమని అడిగి వెళ్ళారు.