చింతపండుతో తోమిన పంపు

ఉదయం ఎనిమిదింటికి కంకిపాడులో బయలుదేరి, పదింటికల్లా విజయవాడలో పాత కార్ల ప్రదర్శనకు చేరాలని వెంకటకృష్ణారావు పథకం. కంపెనీ ఇచ్చిన సామానంతా ఉన్న కారుకే అక్కడ మొదటి బహుమతి. ఆయన యాభై ఏళ్ల కారు కిందటేడు ఒక్క వస్తువు దగ్గర ఓడిపోయింది. డిక్కీలో స్టెప్నీ పక్కనుండే గాలిపంపు మీద నంబరు కనబడలేదని, అది ఒరిజినల్ కాదని న్యాయనిర్ణేతలు తేల్చేశారు. కోపంతో ఆయన ఆ పంపును గవర్నర్‌పేటలో పాత సామాన్లమ్మే హనుమయ్యకు పారేసి, బదులుగా నల్లగా, పురాతనంగా కనిపించే మరో పంపు తెచ్చుకున్నాడు.

ఇప్పుడు డిక్కీ తెరిస్తే ఆ నల్లపంపు బంగారంలా ధగధగలాడుతోంది. పెళ్లై నెల్లాళ్లయిన కోడలు కీర్తన తెల్లవారుజామునే దీపపు కుందులతోపాటు దాన్నీ తోమేసింది. మకిలి కింద ఇత్తడి మెరుస్తుంటే ఆమె సంబరం ఇంతా అంతా కాదు.

కొత్త కోడలిని మామగారు తిట్టకూడదు. అందుకని ఆయన కొడుకును పిలిచాడు.

"ఒరేయ్ సాత్విక్! పంపు ఎవడు తోమాడ్రా?"

"నేనే నాన్నా."

"దేంతో?"

"స... సబ్బుతో."

"చింతపండుతో అండీ మావయ్యగారూ! చివర్లో విబూది కూడా వేశాను," అంది కీర్తన ఉత్సాహంగా.

"విన్నావా? విబూది కూడా వేశావంట! బుద్ధుందిరా నీకు? నిన్నటిదాకా తాతలా ఉన్న పంపు ఇవాళ బారసాల పిల్లాడిలా ఉంది. దీన్ని పాతదంటే ఎవడు నమ్ముతాడ్రా?"

కొడుకునూ కోడలినీ కారెక్కించుకుని పోరంకి దాకా సాత్విక్‌ను, అక్కణ్ణుంచి సాత్విక్ చదివిన ఇంజనీరింగును తిట్టాడు. తొమ్మిదింటికి హనుమయ్య కొట్లో పంపును బల్లమీద ధన్‌మని పెట్టాడు.

"దీన్ని పావుగంటలో మళ్లీ నల్లగా చెయ్యి!"

హనుమయ్య పంపును తిరగేశాడు. తోమినచోట అక్షరాలు తేలాయి. "ఇది టైర్లకి గాలి కొట్టేది కాదండీ. చేలో పురుగుమందు కొట్టేది."

"నువ్వేగా ఇచ్చింది!"

"పాతగా కనబడితే చాలన్నారు. నలభయ్యేళ్లు వ్యవసాయం చేశారు, మీకే తెలుసనుకున్నానండీ."

వెంకటకృష్ణారావు ముఖం జేవురించింది. "ఒరేయ్ సాత్విక్! కొనేటప్పుడు చూసుకోవద్దట్రా?"

"మరి మావయ్యగారు ఇచ్చేసిన పంపేదండీ?" అని కీర్తన అడిగింది.

హనుమయ్య తన స్కూటరుకు గాలి కొట్టుకోడానికి వాడుకుంటున్న ఆ పంపు తెచ్చాడు. దాని ఇత్తడి బిళ్లమీద ఏటా ఆయుధపూజకు వెంకటకృష్ణారావు స్వహస్తాలతో పెట్టిన గంధం, కుంకుమ అంగుళం మందాన అట్టకట్టాయి. కీర్తన పక్క కిరాణా కొట్లో చింతపండు తెచ్చి, చెంగు దోపి తోమింది. బొట్టు కింద నంబరు బయటపడింది. కారుతో వచ్చిన పుస్తకంలో ఉన్న నంబరే!

వెంకటకృష్ణారావు దాన్ని మూడుసార్లు చదువుకున్నాడు. ప్రదర్శనకు ఇంకా అరగంట ఉంది. కోపం మాత్రం బోలెడు మిగిలిపోయింది.

"ఒరేయ్ సాత్విక్! కిందటేడే దీన్నెందుకు తోమలేదురా?"

"అప్పటికింకా నాకు పెళ్లి కాలేదు నాన్నా."