గంధపు దండ ఆరేదాకా

ఆ రోజు పొద్దున కాఫీ తాగుతూ సుశీల ఒక నిర్ణయానికి వచ్చింది. పడమటి గది సర్దాలి, సాయంత్రంలోగా ఆల్బం పూర్తి చెయ్యాలి. ఇదే నిర్ణయానికి ఆమె ఇదివరకు కూడా చాలాసార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఇంకో గ్లాసు కాఫీ తాగి, ఆ గది తలుపు తెరిచి చూసి, నెమ్మదిగా మూసేసి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ గదిని చూస్తే ఎవరైనా అదే పని చేస్తారు. సుశీల ప్రొద్దుటూరులో చిన్నపిల్లల బడి టీచరుగా చాలాకాలం పనిచేసింది. చార్టులకూ బొమ్మలకూ అంటూ మొదలుపెట్టిన సేకరణ ఉద్యోగం మానేశాక కూడా ఆగలేదు. శుభలేఖల మీది వినాయకుళ్లు, చీరల పెట్టెలు, స్వీటు డబ్బాల రిబ్బన్లు, వీధి చివర టైలరు జైబున్నీసా ఇచ్చే గుడ్డముక్కలు, రాలిపోయిన చెమ్కీలు, జత తప్పిన గాజులు, అన్నీ "ఎప్పటికైనా పనికొస్తాయి" అనే ఒక్క మంత్రంతో ఆ గది చేరాయి. వాటితో ఆమె ఆల్బంలు చేస్తుంది. ఫొటోలు కత్తిరించి అట్టల మీద అతికించి, చుట్టూ పూలూ లేసులూ పెట్టి, కింద రెండు ముక్కలు రాస్తుంది. మొదలుపెట్టినవి బోలెడు. పూర్తయింది ఒక్కటీ లేదు. మనవరాలు హర్షిణి బారసాల ఆల్బం సగంలో ఉండగానే హర్షిణి ఇంటరు పాసైంది.

ఈసారి ఆల్బం మాత్రం అలా వదిలేసేది కాదు. వచ్చే ఆదివారం పులివెందులలో మరిది విశ్వనాథ్‌కు షష్టిపూర్తి. సుశీల భర్త యజ్ఞనారాయణకూ ఆ తమ్ముడికీ రెండేళ్లుగా మాటల్లేవు. ఆస్తి తగాదా అయితే పెద్దమనుషులు కూర్చుని తేల్చేవారు. ఇది ఫొటో తగాదా. విశ్వనాథ్ కూతురు సింధూ పెళ్లిలో, పెరుగు సరిపోతుందో లేదో చూడడానికి యజ్ఞనారాయణ వంటశాలకు వెళ్లాడు. ఆ కాసేపట్లోనే ఫొటోగ్రాఫరు తొందరపెట్టి కుటుంబమంతటికీ గ్రూపు ఫొటో తీసేశాడు. విశ్వనాథ్ ఏ దురుద్దేశమూ లేకుండా దాన్నే పెద్దది చేయించి హాల్లో తగిలించుకున్నాడు.

"నేను లేని ఫొటో గోడ ఎక్కినాక, నేను ఆ గడప ఎక్కేదేముంది" అన్నాడు యజ్ఞనారాయణ. కాలేజీ ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. ఒకసారి కట్టిన ఫైలును మళ్లీ విప్పే అలవాటు ఆయనకు లేదు. ఫోన్ చేసినా ఎత్తడు, కబురు పెట్టినా పలకడు.

సుశీలకు ఇది మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆమె కాపురానికి వచ్చేనాటికి విశ్వనాథ్ కాలేజీ కుర్రాడు. ఆమె వండింది తిని చదువుకున్నవాడు. అందుకే అన్నదమ్ముల ఆల్బం మొదలుపెట్టింది. చిన్నప్పటి నుంచి వాళ్ల ఫొటోలన్నీ వరసగా అతికించి, చివరి పేజీలో ఆ గ్రూపు ఫొటో పెట్టి, ఇంకెక్కడి నుంచో కత్తిరించిన భర్తను అందులో చేర్చింది. అది చూసి కూడా కరగకపోతే ఆయన మనిషి కాడని ఆమె నమ్మకం. ఆల్బం పూర్తి కాకపోతే తమ్ముడు అన్న లేకుండానే పీటల మీద కూర్చుంటాడు. ఆ ఫొటో కూడా గోడ ఎక్కుతుంది. ఇక ఈ జన్మకు ఇద్దరూ కలవరు.

ఆ సంగతి తెలియని యజ్ఞనారాయణ, జమ్మలమడుగులో స్నేహితుడి మనవడి ఒడుగుకు బయలుదేరుతూ హుకుం జారీ చేశాడు.

"సాయంత్రం నేను వచ్చేలోపల ఆ గది ఖాళీగా కనపడాల. పాత సామాన్ల బండాయనకు చెప్పినా, మధ్యాన్నం వస్తాడు. మిగిలిందంతా ఎత్తుకోని పొమ్మంటా."

"నా ఆల్బం సామాన్లు కూడానా?"

"ముందు ఎత్తాల్సింది అవే."

బస్సు తొందరలో ఆయన ఫోన్ ఛార్జింగులోనే మరిచిపోయాడు. సుశీల దాన్ని తీసి హాల్లో కిటికీ మీద పెట్టింది. కాసేపటికి ఆ కిటికీ మీద లేసులు చేరాయి, లేసుల మీద గుడ్డముక్కలు చేరాయి, ఫోన్ కనపడకుండా పోయింది. ఇక ఆమె ఫోన్, గది ఎలా సర్దుకోవాలో చెప్పే వీడియోలు చూపించీ చూపించీ ఎనిమిది కాకముందే ప్రాణం విడిచింది.

గదిలోంచి మొదట బయటపడ్డవి ప్లాస్టిక్ కుర్చీలు. యజ్ఞనారాయణ వీధి సంఘానికి అధ్యక్షుడు కాబట్టి సంఘం కుర్చీలు వాళ్లింట్లోనే ఉంటాయి. సుశీల వాటిని ఇంటి ముందు నీడలో వరసగా వేసి, దుమ్ము తుడిచి, ఆరనీ అని వదిలేసింది. తర్వాత సామానంతా హాల్లోకి తెచ్చి రంగుల వారీగా కుప్పలు పోసింది. ఆ దుమ్ముకు తుమ్ములు పట్టుకున్నాయి, కళ్లు ఎర్రబడి ధారలు కారాయి. తట్టుకోలేక తలస్నానం చేసి, తడి జుట్టు విరబోసుకుని, బొట్టు పెట్టుకోవడం కూడా మరిచి మళ్లీ పనిలో పడింది.

ఆల్బంలో మిగిలింది పైఅట్ట ఒక్కటే. దానికోసం భర్త ఫొటో పెద్దది చేయించి ఉంచింది. రిటైర్మెంటు సభలో ఆయన మెడలో వేసిన గంధపు చెక్క పొట్టు దండ కూడా గదిలో దొరికింది. ఇంతకంటే అందమైన అంచు ఏముంటుంది? మైదాపిండి జిగురు కాచి, ఆ దండను ఫొటో చుట్టూ అతికించింది. హాల్లో కాలు పెట్టే చోటు లేదు కనుక, ఎండకు తొందరగా ఆరుతుందని వరండాలో స్టూలు వేసి దాని మీద నిలబెట్టింది. మైదా వాసనకు ఈగలు ముసిరాయి. ఈగలు పోవడానికి ముందర రెండు అగరుబత్తులు వెలిగించింది.

కరివేపాకు కోసం వచ్చిన ఎదురింటి వనజమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. వనజమ్మ మనసు వెన్న, కాళ్లు చురుకు, ప్రశ్న అడిగి జవాబు పూర్తిగా వినే ఓపిక మాత్రం లేదు. వరస కుర్చీలు, దండ వేసిన ఫొటో, అగరుబత్తులు ఒకదాని తర్వాత ఒకటి చూసింది. అంతలో సుశీల, విరబోసిన జుట్టుతో, బొట్టు లేని నుదుటితో, ఎర్రటి కళ్లతో గుమ్మంలోకి వచ్చింది. వనజమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ధైర్యంగా ఉండల్ల అక్కా."

"ఏం చేయాల వనజమ్మా. ఎప్పుడో ఒకప్పుడు తప్పేది కాదు గదా" అంది సుశీల, గది వైపు చూసి ముక్కు తుడుచుకుంటూ. "నేనే ఇన్నేండ్లు వాయిదా వేస్తా వచ్చినా."

వనజమ్మ ఆమె చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "పిల్లోళ్లకు చెప్పినావా?" అంది.

"వాళ్లకెందుకిప్పుడు. అంతా అయినాక వీడియో కాల్లో చూపిస్తాలే. సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయితే నాకు శానా బరువు తీరుతాది."

వనజమ్మ కరివేపాకు సంగతి మరిచి ఇంటికి పరిగెత్తింది. ఆమె భర్త జగదీశ్ జాగ్రత్తపరుడు. నిజం కనుక్కోకుండా నమ్మేవాడు కాదు. యజ్ఞనారాయణ ఫోన్‌కే చేశాడు. అది ఎదురింట్లో లేసుల అడుగున మోగింది. సుశీల రెండు కుప్పలు తిరగేసేలోపల ఆగిపోయింది. ఇంకోసారి చేశాడు. ఈసారి మూడు కుప్పలు తిరగేసింది.

"మోగుతాంది, ఎత్తేవాడు లేడు" అన్నాడు జగదీశ్. "ఆస్పత్రి నుంచి ఇంకా తెచ్చినట్టు లేదు." ఇక సందేహించడానికి ఏమీ కనపడలేదు. పులివెందులకు ఫోన్ చేసి విశ్వనాథ్‌కు చెప్పేశాడు. "ఎట్ల జరిగిందో తెలీదప్పా. మీ వదినమ్మ గట్టిగానే ఉండాది. మాకు అదే భయంగా ఉండాది."

తర్వాత మనుషులు రావడం మొదలైంది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగకూడదు కనుక, వనజమ్మ ఉప్మా తెచ్చింది. జైబున్నీసా ఫ్లాస్కులో టీ తెచ్చింది. గది సర్దుతున్నానని తెలిసి వీధి వీధంతా సాయం వస్తోందని సుశీల గుండె నిండిపోయింది. ఇటువంటి వీధిలో ఉండడం అదృష్టమే అనుకుంది.

"గుడ్డముక్కలు తేలేదా?" అని అడిగింది జైబున్నీసాను.

జైబున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇట్లాంటప్పుడు కూడా అవేనా అమ్మా" అని వెక్కుతూ వెళ్లి వనజమ్మ పక్కన కూర్చుంది. దుమ్ము ఆమెకూ పడదు కాబోలు అనుకుంది సుశీల.

మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కుర్చీల్లో మౌనంగా కూర్చున్నారు. మురుగు కాలువ గురించి సంఘం మీటింగు పెట్టాలని యజ్ఞనారాయణ అంటూనే ఉన్నాడు. ఈ రోజే పెట్టి తనకు చెప్పడం మరిచినట్టున్నాడు. సుశీల గుమ్మంలో నిలబడి, "సాయంత్రానికి వచ్చేస్తారు, కూర్చోండి" అంది.

"తొందరేం లేదులేమ్మా" అన్నారు వాళ్లు తలలు వంచుకుని. ఇంత మర్యాదగా జరిగే సంఘం మీటింగు ఆమె ఎన్నడూ చూడలేదు. మధ్యాహ్నం వచ్చిన పాత సామాన్ల బండాయన కూడా బండి ఓ పక్కన ఆపి, తలగుడ్డ తీసి, చివరి కుర్చీలో కూర్చున్నాడు.

దుమ్ము గుడ్డలు దులపడానికి సుశీల మిద్దె ఎక్కింది. ఆమె అటు పోగానే జగదీశ్ హాల్లోకి తొంగి చూశాడు. మనిషిని తెచ్చాక పడుకోబెట్టడానికి చోటు లేదు. నలుగురిని పిలిచి, రంగుల వారీగా ఉన్న కుప్పలన్నిటినీ దొరికింది దొరికినట్టు ఎత్తి పడమటి గదిలో పోయించి, కష్టం మీద తలుపు మూయించాడు. ఆల్బం ఒక్కటి అల్మారా మీద ఉండడం వల్ల బతికింది.

సుశీల దిగి వచ్చి అద్దంలా ఉన్న హాలు చూసింది. తర్వాత ఉబ్బిన పడమటి తలుపు చూసింది. పొద్దుటి నుంచి పడ్డ పాటు బూడిదలో పోసిన పన్నీరైంది. నోరు తెరవబోయేంతలో వరండాలో గొల్లుమని ఏడుపు వినిపించింది. పరుగున వెళ్లి చూస్తే, విశ్వనాథ్ స్టూలు ముందు కూలబడి ఉన్నాడు.

"అన్నా, రెండు నిమిషాలు ఆగమని ఆ ఫొటో వాడికి చెప్పలేకపోయినా గదన్నా. నువ్వు లేని ఫొటో నాకెందుకన్నా. పీకి అవతల పారేసొచ్చినా. ఇప్పుడు ఎవురికి చూపించల్ల?"

సుశీల ఫొటో చూసింది, దండ చూసింది, అగరుబత్తులు చూసింది, నుదురు తడుముకుంది. అప్పుడు అర్థమైంది.

"విశ్వం, మీ అన్నకేమీ కాలేదు. ఒడుగుకు పోయినారు. సాయంత్రం వస్తారు."

విశ్వనాథ్ ఇంకా పెద్దగా ఏడ్చాడు. "మనసు ఒప్పుకోల్యా పాపం" అంది వనజమ్మ. "గట్టిగా ఉండేటోళ్లకే ఇట్ల అయితాది" అన్నాడు జగదీశ్. సుశీల జిగురు గురించి, ఈగల గురించి ఎంత చెబితే అంతగా జైబున్నీసా ఆమె వీపు నిమిరింది.

సరిగ్గా అప్పుడు వీధి మొదట్లో యజ్ఞనారాయణ కనపడ్డాడు, చేతిలో చామంతి దండతో. ఆటో దిగగానే, పూలమ్మే మనిషి ఆ చివర ఎవరో పెద్దాయన పోయాడని చెప్పిందట. చాలాకాలంగా మంచంలో ఉన్న వనజమ్మ మామ అయి ఉంటాడనుకుని, ఆయన దండ కొని, ముఖం దిగులుగా పెట్టుకుని నడిచి వస్తున్నాడు. ఎదురింటి వైపు తిరగబోయి, కుర్చీలన్నీ తన ఇంటి వైపు చూస్తున్నాయని గమనించి ఆగాడు. ఒక్కొక్కరే లేచి దారి ఇచ్చారు. స్టూలు దాకా వచ్చి, అద్దాలు సరిచేసుకుని, తన ఫొటోను తానే చూసుకున్నాడు.

"కాలరు మడత పడింది" అన్నాడు.

విశ్వనాథ్ లేచి అన్నను కావలించుకున్నాడు. మధ్యలో చామంతి దండ నలిగి నేల రాలింది. యజ్ఞనారాయణ చేతులు కాసేపు గాలిలో ఉండి, ఆ తర్వాత తమ్ముడి వీపు మీద వాలాయి.

"ఇంత దూరం ఏడ్చుకుంటా వచ్చే బదులు, ఫోన్ చేసి కనుక్కోవచ్చు గదరా."

"రెండేండ్లుగా నువ్వు ఎత్తుతాండావా? ఈ పొద్దు ఎత్తకపోతే, ఉండావో పోయినావో ఎట్ల కనుక్కోవాల?"

హెడ్ క్లర్కు వంగి, నేల రాలిన చామంతులు ఏరడం మొదలుపెట్టాడు. చావు కబురు అబద్ధమైతే ఆయుష్షు పెరుగుతుందని వనజమ్మ అందరికంటే ముందు ప్రకటించి, ఇలాంటి మేలు జరిగినందుకు తనను ఎవరూ తప్పుపట్టకుండా చూసుకుంది. ఉప్మా అందరికీ సరిపోయింది. సుశీల బొట్టు పెట్టుకుని వచ్చి, ఆల్బం తీసి అన్నదమ్ముల ఒళ్లో పెట్టింది.

పేజీలు తిప్పుతూ ఇద్దరూ చివరిదాకా వచ్చారు. గ్రూపు ఫొటోలో యజ్ఞనారాయణ అందరికంటే మూరెడు ఎత్తుగా, పెళ్లికొడుకు తల మీదుగా చూస్తున్నాడు.

"ఆ సైజుదే దొరికింది" అంది సుశీల నెమ్మదిగా.

"ఉండాల్సిన సైజులోనే ఉండాడు వదినా" అన్నాడు విశ్వనాథ్.

యజ్ఞనారాయణ ఆ పేజీని చాలాసేపు చూశాడు. అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. "ఆదివారం ముహూర్తం ఎన్నింటికి?" అన్నాడు. తర్వాత, "పెరుగు సంగతి మాత్రం వేరేవాళ్లను చూసుకోమను" అన్నాడు.

సుశీల కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఈసారి దుమ్ము వల్ల కాదు. బండాయన తలగుడ్డ చుట్టుకుంటూ దగ్గరికొచ్చాడు.

"మీరు బాగుండారు సార్, శానా సంతోషం. సామాన్లు ఎత్తేదా?"

యజ్ఞనారాయణ ఉబ్బిన పడమటి తలుపు వైపు చూశాడు, ఒళ్లోని ఆల్బం వైపు చూశాడు. "ఈ పొద్దు వద్దులేప్పా. అవసరమైతే చెప్పి పంపిస్తా" అన్నాడు. బండి వెళ్లిపోయాక భార్య వైపు తిరిగి, "ఆ గది జోలికి నేను రాను. ఆ దండ ఫొటో ఒక్కటి మాత్రం నాకు కనపడకుండా పారెయ్యి" అన్నాడు.

సుశీల సరేనంది. ఫొటోను లోపలికి తీసుకెళ్లి, దండ బాగా ఆరిందో లేదో వేలితో నొక్కి చూసి, ఎప్పటికైనా పనికొస్తుందని పై అరలో జాగ్రత్తగా దాచింది.