ట్రౌట్ చేపా, పెరుగన్నం కూలరూ

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: మా నాన్న, మా అమ్మ, చక్రపాణి అంకుల్, లీలావతి ఆంటీ, శశికాంత్ అంకుల్, నేను. మనుషులు కాక వేడర్స్ మూడు. వేడర్స్ అంటే ఏట్లో దిగడానికి వేసుకునే, చంకల దాకా వచ్చే రబ్బరు ప్యాంట్లు. వాటిని ఆరబెట్టడానికి హాల్లో ఉన్న కుర్చీలన్నీ అయిపోయాయి కాబట్టి మనుషులం నేల మీద కూర్చున్నాం.

ఇల్లంటే మాది కాదు. కొలరాడోలో ఎర్రరాతి కొండల మధ్య, లోయ అడుగున పారే ఒక ఏటి ఒడ్డున, లాంగ్ వీకెండ్‌కి అద్దెకి తీసుకున్న చెక్క ఇల్లు. మేముండే ఇర్వింగ్‌లో తెల్లవారకముందే బయల్దేరి పగలంతా డ్రైవ్ చేసి అక్కడికి వెళ్ళాం. ఎందుకు? ఫ్లై ఫిషింగ్ కోసం!

పాఠకులారా, ఫ్లై ఫిషింగ్ దండగమారి పని అని కొందరు అంటున్నారు. కొందరంటే లీలావతి ఆంటీ. నేను ఆ మాటని తీవ్రంగా ఖండిస్తున్నాను. మనసులోనే ఖండించాను, ఎందుకంటే నేను పెద్దవాళ్ళ ముందు మాట్లాడను. ఇక్కడ మాత్రం ధైర్యంగా చెబుతున్నాను: ఫ్లై ఫిషింగ్ తెలుగు కుటుంబాలకి దొరికిన వరం!

ఎలాగంటారా? ముందు ఫ్లై సంగతి చూడండి. ఫ్లై అంటే ఈగ. మా ఊరి హైస్కూల్లో మధ్యాహ్న భోజనం దగ్గర ఒక చేత్తో తినేవాళ్ళం, ఇంకో చేత్తో ఈగల్ని తోలేవాళ్ళం. ఇక్కడ అంకుల్స్ ఈగల్ని కొనుక్కుంటారు! చక్రపాణి అంకుల్ దగ్గర ఒక పెట్టె ఉంది. పెట్టె నిండా గళ్ళు, గడికో ఈగ, ఈగకో ఇంగ్లీషు పేరు. నిజం ఈగలు కావు. చిన్న కొక్కేనికి ఈకా దారమూ చుట్టి చేసిన దొంగ ఈగలు. వాటిని నీళ్ళ మీద వాలిస్తే ట్రౌట్ అనే చేప నిజమనుకుని మింగుతుందట. ఏటి ఒడ్డున నిజం ఈగలు గుంపులు గుంపులుగా ఎగురుతుంటే, వాటి మధ్య మన దొంగ ఈగనే ఎందుకు మింగాలి? ఈ ప్రశ్న ట్రౌట్‌కి కూడా వచ్చినట్టుంది. చాలాసేపు ఏదీ మింగలేదు.

ఇక సాధన! పాత కాలంలో తపస్సు చేసేవాళ్ళని చూడలేదే అని బాధపడేవాళ్ళు మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌కి రావాల్సింది. చక్రపాణి అంకుల్ వేసవంతా సాయంత్రం పూట పార్కింగ్ లాట్‌లో నిలబడి, చెరువూ లేదు, నీళ్ళూ లేవు, రాడ్‌ని, అంటే గాలం కర్రని, వెనక్కీ ముందుకీ ఊపుతూ దారం విసిరారు. ఆయన మొదటి క్యాచ్ రెండో అంతస్తు బాల్కనీలో పడింది. లీలావతి ఆంటీ చున్నీ! బాల్కనీలో బట్టలు ఆరేయకూడదని మేనేజ్‌మెంట్ వాళ్ళు ఎన్నిసార్లు చెప్పినా వినని ఆంటీ ఆ రోజు నుంచి మానేశారు. ఇది వరం కాదంటారా?

అన్నిటికన్నా గొప్ప సంగతి, పట్టిన చేపని వదిలేయడం. దీన్ని క్యాచ్ అండ్ రిలీజ్ అంటారు. మా ఊరి కాలువ గట్టు మీద గాలం వేసేవాళ్ళకి ఈ మాట చెబితే, "మరి పులుసు?" అంటారు. వాళ్ళకి ఎదుగుదల లేదు. చక్రపాణి అంకుల్ పుట్టు శాకాహారి, కేకులో గుడ్డు ఉందేమోనని అడిగి మరీ తినే మనిషి. అలాంటి మనిషి వేటాడాలంటే లోకంలో ఇంకో మార్గం ఉందా?

అయినా ఆంటీ ఒప్పుకోలేదు. ఆ రోజు శనివారం.

"శనివారం పూట చేపని ముట్టుకుని ఇంట్లోకి వచ్చారంటే చూడండి! బయటే స్నానం."

"నేను పట్టుకోవట్లేదే లీలా, రిలీజ్ చేస్తున్నా."

"రిలీజ్ చేయాలంటే ముట్టుకోవాలిగా?"

అంకుల్ ఈగల పెట్టె తీసుకుని మెట్లు దిగిపోయారు.

ఫ్లై ఫిషింగ్ మగవాళ్ళకి వినయం కూడా నేర్పుతుంది. మా వాళ్ళు ఒక గైడ్‌ని బుక్ చేసుకున్నారు. పేరు టెస్. కాలేజీ అయిపోయిన అమ్మాయిలా ఉంది, ఎండకి ముక్కు ఎర్రగా కాలిపోయింది. ఆమె "మోచెయ్యి ఊపకండి" అంటే ముగ్గురూ ఊపడం ఆపేశారు. "అరవకండి, చేపలు బెదురుతాయి" అంటే నోళ్ళు మూసుకున్నారు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు ఎక్కడుంటుందో ఇప్పటికీ అడిగే మా నాన్న, టెస్ ఒక్కసారి చూపించగానే కొక్కేనికి ముడి తనే వేసుకున్నాడు. వరండాలోంచి చూసి వచ్చి ఆ సంగతి చెబితే అమ్మ పులిహోర కలపడం ఆపి, "మీ నాన్నేనా?" అంది.

అదిగో, ఆ పులిహోర వల్లే నేను ఏటి దగ్గరకి వెళ్ళాను. డబ్బాలు మోయడానికి ఒక మనిషి, ఫొటోలు తీయడానికి ఒక మనిషి కావాలి. రెండు ఉద్యోగాలూ నాకే ఇచ్చారు. నిరుద్యోగం ఇంత ఉన్న రోజుల్లో!

ఏరు బాగుంది. ఎలా ఉందో రాస్తే వెక్కిరింత తగ్గిపోతుంది కాబట్టి రాయను. నీళ్ళ అడుగున గులకరాళ్ళు ఒక్కొక్కటీ కనిపించాయని మాత్రం రాస్తాను.

నేను డబ్బాలు దించేసరికి శశికాంత్ అంకుల్ ఫోన్ మోగింది. ఆ లోయలో సిగ్నల్ ఉండదు, ఒక్క బండరాయి మీద తప్ప. పొద్దున్నే ఆ బండని కనిపెట్టి, దాన్ని వదలకుండా నిలబడింది అంకులే. ఆఫీసులో ఏదో సర్వర్ పడిపోయిందట.

"అవనీ, ఇలా రామ్మా, ఒక్క నిమిషం ఈ రాడ్ పట్టుకో. ఊరికే పట్టుకో. ఏం చేయకు."

నేను పెద్దల మాట జవదాటను. ఏం చేయలేదు. దారం నీళ్ళలో ఎటు పోతే అటు పోనిచ్చాను. శశికాంత్ అంకుల్ బండ మీద నిలబడి "రీస్టార్ట్ చేసి చూశారా? మళ్ళీ రీస్టార్ట్ చేయండి" అంటున్నారు.

రాడ్ వంగింది.

నిజంగా చెబుతున్నాను, ముందు ఎవరో అవతలి నుంచి నా చెయ్యి పట్టుకుని లాగినట్టే అనిపించింది. టెస్ నీళ్ళు చిమ్ముకుంటూ పరిగెత్తి వచ్చింది. రాడ్ పైకెత్తమంది. ఎత్తాను. చేప పరిగెడితే పరిగెట్టనివ్వమంది. ఇచ్చాను. ఇప్పుడు రాడ్‌కున్న చక్రం తిప్పమంది. తిప్పాను. నేను మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నానని, నాకు వేడర్స్ లేవని, నేను అరుస్తున్నానని ఆ తర్వాతెప్పుడో తెలిసింది. నేను! అరవడం!

టెస్ వలలో పడ్డాక చూశాను. గోధుమరంగు ట్రౌట్, ఒంటి మీద ఎర్ర చుక్కలు, ప్రతి చుక్క చుట్టూ తెల్లటి అంచు. ఎవరో తీరిగ్గా కూర్చుని బొట్లు పెట్టినట్టు.

ఇక్కడ మన సంస్కృతి గొప్పతనం బయటపడింది. పెళ్ళి రిసెప్షన్‌లో స్టేజీ మీద జంటని నిలబెట్టి ఒక్కొక్కరూ ఎక్కి ఫొటో దిగి దిగిపోతారు చూడండి, ట్రౌట్‌కి అచ్చం అలాగే జరిగింది. ముందు చక్రపాణి అంకుల్. ట్రిప్ ప్లాన్ చేసింది ఆయన. తర్వాత శశికాంత్ అంకుల్, కాల్ మధ్యలో మ్యూట్ పెట్టి దూకుతూ వచ్చారు. "నా రాడ్‌కే పడింది, చూశారా!" తర్వాత మా నాన్న. ఫొటోలు తీసింది ఎవరు? ఉద్యోగం నాది కదా!

టెస్ నా వైపు చూసి, "ఇది ఎవరి చేప?" అని అడిగింది.

చక్రపాణి అంకుల్ గంభీరంగా, "టీమ్ ఎఫర్ట్!" అన్నారు.

"అవని ఫొటో తీద్దాం" అని టెస్ ఫోన్ కోసం చెయ్యి చాపింది. నేను ఫోన్ ఇవ్వబోయాను. సరిగ్గా అప్పుడు చక్రపాణి అంకుల్‌కి జీవకారుణ్యం కలిగింది.

"పాపం, అలిసిపోయిందండీ. ఎంతసేపని పట్టుకుంటాం? మూగజీవి. వదిలేద్దాం."

మూడు ఫొటోల దాకా అలిసిపోని చేప, నాలుగో ఫొటోకి అలిసిపోయింది. నా వల్ల ఒక ప్రాణికి ఇబ్బంది కలగకూడదు కదా? సరేనన్నట్టు తల ఊపాను.

వదిలింది మా నాన్న. అది కూడా ఒక విద్యే. పొడి చేత్తో చేపని ముట్టుకుంటే దాని ఒంటి మీద జిగురు పోయి జబ్బు చేస్తుందని టెస్ చెప్పింది. నాన్న రెండు చేతులూ తడుపుకున్నాడు. చేపని నీళ్ళలోనే ఉంచి, ముఖం ప్రవాహానికి ఎదురుగా తిప్పి, దానికి ఊపిరి అందేదాకా అలాగే పట్టుకున్నాడు. గట్టిగా పట్టలేదు. ఊరికే ఆనించాడు.

"పో తల్లీ, పో" అన్నాడు.

తల్లీ అని మా నాన్న ఇంతవరకూ నన్నొక్కదాన్నే పిలిచాడు. చేప తోక విదిలించి వెళ్ళిపోయింది. నాకు అసూయ కలగలేదు. కలిగిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

సాయంత్రం ఇంట్లో వైఫై రాగానే మూడు కుటుంబాల గ్రూపుల్లో మూడు ఫొటోలు వెళ్ళాయి. మూడింటి కిందా "మై ఫస్ట్ ట్రౌట్" అనే ఉంది. మా మేనత్త వెంటనే అడిగింది: "అన్నయ్యా, ముగ్గురికీ ఒకేలాంటి చేపలు పడ్డాయే! కవలలా?" నాన్న బొటనవేలు బొమ్మ పెట్టాడు. ఎంత పొదుపైన సమాధానం! చేప ఒకటి, వేటగాళ్ళు ముగ్గురు. అడవులూ నదులూ ఖాళీ అయిపోతున్నాయని బాధపడేవాళ్ళు మా వాళ్ళని చూసి నేర్చుకోవాలి.

చక్రపాణి అంకుల్ వరండాలో బకెట్‌తో స్నానం చేసి వణుకుతూ లోపలికి వచ్చారు.

భోజనాల దగ్గర నాన్న నా పక్కకి జరిగి, మెల్లగా అన్నాడు: "రేపు టెస్ ట్రక్‌లో పైకి, లోయ లోపలికి వెళ్తున్నాం. నువ్వూ రా తల్లీ. రేపు రాడ్ నీదే."

ఇంకో గరిటె పప్పు వేసుకున్నాను.

ఇక్కడ పదహారు నిండనివాళ్ళకి చేపలు పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదని టెస్ వెళ్ళేటప్పుడు చెప్పింది. నాకు వచ్చే నెల నిండుతాయి. ఆ తర్వాత నా పేరు మీద లైసెన్స్ ఎవరు తీసుకుంటారు? అందుకని ఆదివారం పొద్దున అందరికంటే ముందు లేచాను. పెరుగన్నం నేనే కలిపాను, దానిమ్మ గింజలు వేసి. అమ్మ నాకు జడ బిగించి వేసింది, కొక్కెం జుట్టుకి తగలకుండా. తన మేజోళ్ళు కూడా ఇచ్చింది, నా వాటి మీద వేసుకోమని. "నీళ్ళు చల్లగా ఉంటాయి. ఒక ఫొటో దిగి రావే" అంది.

టెస్ ట్రక్‌లో నాలుగు సీట్లు. టెస్ ఒకటి, అంకుల్స్ ఇద్దరు, నాన్న. నాలుగు. సరిపోయింది కదా అంటారా? ఆగండి, ముందు వైపున్న, ముగ్గురు పట్టే పొడుగు సీటులో టెస్ పక్కన ఇంకొకరికి చోటుంది. నేను లెక్క తప్పు చెప్పాను, ఎందుకంటే అంకుల్స్ కూడా అలాగే చెప్పారు. ఆ చోటులో చక్రపాణి అంకుల్ కూలర్, అంటే ఐసు వేసిన తిండి పెట్టె, పెట్టారు.

క్యాచ్ అండ్ రిలీజ్ వాళ్ళకి కూలర్ ఎందుకని అడగకండి. అందులో ఉన్నది నా పెరుగన్నం.

టెస్ నా బూట్ల వైపు చూసి, కూలర్‌ని వెనక ఖాళీ ట్రక్ తొట్టిలో పెడదామంది.

"నో నో" అన్నారు చక్రపాణి అంకుల్. "కర్డ్ రైస్. వెరీ సెన్సిటివ్."

శశికాంత్ అంకుల్ నన్నప్పుడే చూసి, నాన్న వైపు తిరిగారు. "అరే, పాప కూడా వస్తానంటోందా? వద్దు వీరాంజనేయులు గారూ, పైన అంతా రాళ్ళు. కాలు జారితే హాస్పిటల్ కూడా దగ్గర్లో లేదు."

"అదే కాదు" అన్నారు చక్రపాణి అంకుల్, "ఇంట్లో ఆడవాళ్ళిద్దరే ఉంటారు. ఒంటరిగా ఎలా?"

ఇద్దరు ఒంటరిగా ఉండటం నిజంగానే కష్టం.

నాన్న కూలర్ వైపు చూశాడు. నా జడ వైపు చూశాడు. బెల్టు పెట్టకపోతే ట్రక్ కూత పెడుతూనే ఉంటుంది కాబట్టి వంగి కూలర్‌కి సీటు బెల్టు పెట్టాడు, బిగిసిందో లేదో లాగి చూశాడు.

అందుకే అంటున్నాను పాఠకులారా, ఫ్లై ఫిషింగ్ వరం! మనుషుల్లో ఎంత జాలి, ఎంత మృదుత్వం దాగి ఉందో ఆ ఏట్లోనే తెలుస్తుంది. మూగజీవిని ఎంతసేపు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో, ఎటు తిప్పి వదలాలో వాళ్ళకి బాగా తెలుసు. కాకపోతే ఆ ప్రాణికి ఎర్ర చుక్కలుండాలి.

నాన్న నాతో పాటు మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చాడు. ఏదో చెబుతాడని ఆగాను. నా భుజం మీద చెయ్యి వేశాడు. గట్టిగా వేయలేదు, ఊరికే ఆనించాడు. నా ముఖం ఇంటి వైపు తిప్పాడు.

"పో తల్లీ, పో. చలిగా ఉంది."

విదిలించడానికి నాకు తోక లేదు. లోపలికి వెళ్ళాను.

నాన్న చప్పుడు కాకుండా తలుపు వేశాడు.